పెనిమిటి పేరుకు సున్నా మార్కులు

శంకరమ్మ నాతో మొదట అన్న మాట, "గా బోర్డు తీసెయ్యుండ్రి సార్."

అది 1997 జూన్ నెల. దేవరయాంజాల్ పంచాయతీ ఆఫీసు ముందు మేం ఒక గుడ్డ బ్యానరు కట్టాం. 'మెదడు ఆరోగ్య పరీక్ష. అరవై దాటిన వారికి ఉచితం' అని ఎర్ర అక్షరాలతో రాయించాం. కింద ఒక బల్ల, నాలుగు కుర్చీలు, మంచినీళ్ల కుండ. పొద్దున్న తొమ్మిదింటికి కూర్చుంటే మధ్యాహ్నం దాకా నరమానవుడు రాలేదు. రెండు మేకలు మాత్రం వచ్చి, బ్యానరు అంచు కాస్త నమిలి, రుచి నచ్చక పోయాయి.

మేం అంటే నేనూ, నా భార్య సుప్రజ. నేను మనస్తత్వ శాస్త్రం చదివి సికింద్రాబాదులో ఒక పరిశోధన సంస్థలో పనిచేసేవాణ్ణి. సుప్రజ నరాల డాక్టరు. ముసలితనంలో వచ్చే మతిమరుపు జబ్బును మొదట్లోనే పట్టుకునే పరీక్షను ఊళ్లలోకి తీసుకురావాలని మా ఇద్దరి పంతం. అందుకోసమే మేడ్చల్‌లో కొత్తగా పడిన కాలనీలో ఇల్లు కట్టుకున్నాం. తణుకు నుంచి మా అమ్మానాన్నలను కూడా తెచ్చుకున్నాం. పెద్ద పెద్ద చదువులు చదివిన ఇద్దరం మేకల వంక చూస్తూ కూర్చున్నామంటే మా పంతం ఎంత చక్కగా నడుస్తోందో మీరే అర్థం చేసుకోండి.

శంకరమ్మ ఎదురుగా ఉన్న అంగన్‌వాడీలో ఆయా. అప్పటికి ముప్పై ఎనిమిదేళ్లుంటాయి. ఏడో తరగతి దాకా చదువుకుంది. ఆమె భర్త మల్లేశం శామీర్‌పేట చెరువులో చేపలు పట్టి మేడ్చల్ మార్కెట్లో అమ్ముతాడు. పిల్లలకు ఉప్మా పెట్టడం అయ్యాక చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చి ఆ మాట అంది.

"ఎందుకు తీసెయ్యాలి?" అన్నాను, కాస్త మంటగానే.

"మెదడు పరీక్ష అని రాస్తే ఎవలొస్తరు సార్? ఎర్రగడ్డ పిచ్చి దవఖానకు పట్టుకపోతరని భయపడతరు. ఇంట్ల పెండ్లికొచ్చిన పిల్లలుంటే, గీళ్లింట్ల పిచ్చి ఉన్నదంట అని సంబంధాలు తప్పిపోవా?"

"మరి ఏమని రాయమంటావు?"

"ఏం రాయొద్దు. బీపీ మిషిను పట్టుకొని నా ఎంబడి రాండ్రి. బీపీ చూస్తమంటే మంచం పట్టినోడు సుత లేచి కూసుంటడు."

సుప్రజ పకపకా నవ్వింది. కానీ వెంటనే ఒక షరతు పెట్టింది. బీపీ చూశాక జ్ఞాపకం సంగతి కూడా విడమరిచి చెప్పాలి, ఒప్పుకుంటేనే ప్రశ్నలు అడగాలి అంది. "గది నేను చెప్త" అంది శంకరమ్మ. ఆ సాయంత్రానికి పదకొండు ఇళ్లు తిరిగాం. మర్నాటి నుంచి ఆమె మాకు మనిషైంది. నిజం చెప్పాలంటే మేమే ఆమెకు మనుషులమయ్యాం.

ఇక మా పరీక్ష సంగతి. అది ఏదో దేశంలో తయారై, నగరంలో తెలుగులోకి మారిన కాగితం. ముప్పై మార్కులు. ఇవాళ తేదీ ఎంత, మనం ఏ జిల్లాలో ఉన్నాం, వంద నుంచి ఏడేడు తీసేస్తూ చెప్పండి, ఈ అయిదు మూలల బొమ్మ చూసి గీయండి, ఇలా ఉంటుంది. మా వాళ్లకు తగ్గట్టు చేద్దామని నేనే కొన్ని ప్రశ్నలు కలిపాను. అందులో ఒకటి: 'మీ భర్త పేరేమిటి?' ఇంతకంటే సులువైన ప్రశ్న ఏముంటుందని నా తెలివి.

మొదటి వారంలోనే దుర్గాబాయి అనే ముసలామెను అడిగాను. డెబ్బై దాటింది. ఊళ్లో సగంమందిని భూమ్మీదికి తెచ్చిన మంత్రసాని. తేదీ అడిగితే "మిరుగం పోయి నాలుగొద్దులు" అంది. మిరుగం అంటే మృగశిర కార్తె మొదలైన రోజు. ఆ రోజు ఇక్కడ ఇంటింటా చేపల కూరే. లెక్క చూసుకుంటే అక్షరాలా సరిపోయింది. కానీ కాగితం అడిగింది తేదీ కాబట్టి సున్నా వేశాను. బొమ్మ గీయమంటే పెన్సిలును అటూఇటూ తిప్పి చూసి నా చేతికే ఇచ్చేసింది. దానికీ సున్నా. భర్త పేరు అడిగితే కొంగు మూతికి అడ్డం పెట్టుకుని గోడకేసి చూసింది. రెండోసారి అడిగాను. ఉలకలేదు, పలకలేదు. 'భర్త పేరు గుర్తులేదు' అని రాసి గుండ్రంగా మరో సున్నా చుట్టాను.

మొత్తం తొమ్మిది మార్కులు. కాగితం ప్రకారం ఆమెకు జబ్బు బాగా ముదిరిపోయింది. ఆ ముదిరిన జబ్బుమనిషి మమ్మల్ని సాగనంపుతూ శంకరమ్మ ఇద్దరు కొడుకులూ ఏ కార్తెలో పుట్టారో, ఎవడు కాళ్లతో ఎదురొచ్చాడో, ఆ రోజు చెరువు ఎక్కడిదాకా నిండిందో గడగడా చెప్పింది.

ఆ ఊళ్లోనే రాజారావు మాస్టారుండేవారు. రిటైరైన హెడ్మాస్టరు. ఆయనకు ఇరవై తొమ్మిది వచ్చాయి. టీ ఇచ్చి, మాది ఏ ఊరని మూడుసార్లు అడిగారు. పెద్దమనిషి మర్యాద అనుకున్నాం. గేటు దాటాక శంకరమ్మ, "గా సారుకు బాగలేదు" అంది.

"ఇరవై తొమ్మిది వచ్చాయమ్మా. ఊరందరికంటే ఎక్కువ."

"మార్కులు నాకు తెల్వదు. మూడు తాపలు ఒక్కటే ముచ్చట అడిగిండు. మొన్న మా ఇంటికొచ్చి, గిదే నా ఇల్లని అరుగు మీద కూసున్నడు."

నేను కొట్టిపారేశాను. ఏడాదిన్నర తిరగకుండా మాస్టారు మేడ్చల్ బస్ డిపోలో తప్పిపోయారు. ఏ బస్సెక్కాలో తెలియక ఏడుస్తుంటే కండక్టరు ఇంటికి చేర్చాడు.

ఆ జూన్ నెలాఖరుకు అరవైమందిని పరీక్షిస్తే నలభై ఒక్కరు తప్పారు. సుప్రజ కాగితాలు బల్ల మీద పడేసి, "ఊళ్లో మూడింట రెండొంతులమందికి జబ్బుంటే ఈ నాట్లన్నీ ఎవరు వేస్తున్నారు ఫణీ?" అంది. ఆ మాటకు జవాబు శంకరమ్మ దగ్గర ఉంది.

"పెనిమిటి పేరు ఆడది ఎట్ల చెప్తది సార్? మీ అమ్మ చెప్తదా?"

సిగ్గుతో నా తల వంగిపోయింది. మా అమ్మ ముప్పై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషి. అయినా ఆమె నోట మా నాన్న పేరు నేను ఏనాడూ వినలేదు. రేషన్ కార్డు ఆఫీసులో గుమాస్తా అడిగితే నన్ను ముందుకు తోసి, "వీణ్ణి అడగండి" అనేది. అలాంటి ఇంట్లో పుట్టి పెరిగినవాణ్ణి, సిగ్గుపడిన ఆడవాళ్లందరికీ మతి పోయిందని రాసుకొచ్చాను. తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడమేత కోసం అన్నట్టుంది నా శాస్త్రం.

అప్పుడే శంకరమ్మ తన అత్త సంగతి చెప్పింది. అంగన్‌వాడీ గడప మీద కూర్చుని, బియ్యంలో రాళ్లేరుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"మా అత్త గూడ ఎన్నడు మా మామ పేరు పలుకలే. ఒకనాడు నడి బజార్ల నిలబడి, 'గాలయ్యా, ఓ గాలయ్యా' అని ఒర్రింది. ఊరంత నవ్విండ్రు. గదే మొదలు సార్. తరువాత కూరల ఉప్పు రెండుతాపలు వేసుడు, తిని తినలేదనుడు. 'కోడలు బువ్వ పెడతలేదు' అని ఇల్లిల్లు తిరిగి చెప్పేది. నాకు మస్తు కోపమొచ్చేది. రెండేండ్లు తిట్టిన. ఒకపూట పంతానికి నిజంగనే బువ్వ పెట్టలే."

రాళ్లేరే చెయ్యి ఆగింది.

"కీసర తొవ్వల పడిపోతే మూడొద్దులకు దొరికింది. నెల దినాలకు పోయింది. ఇది రోగమమ్మా, ముసల్దాని తప్పు కాదు అని అప్పుడు ఎవలన్న ఒక్కమాట చెప్తే నేను తిట్టేదాన్నా సార్? మీరు గా మాట చెప్పనీకే వచ్చిండ్రనుకున్న. మీరు చూస్తే మంచిగున్నోళ్లకు రోగమని రాస్తున్నరు, రోగమున్నోళ్లకు మార్కులు వేస్తున్నరు. గీ పరీక్ష మా ఊరోళ్లకు పనికొచ్చెటట్టు చెయ్యుండ్రి. చేసేదాక మిమ్ముల ఇడువ."

ఆమె అన్నంత పనీ చేసింది. రెండేళ్లు కూర్చుని కొత్త పరీక్ష తయారుచేశాం. తేదీ బదులు ఏ కార్తె నడుస్తోందని అడిగాం. పెన్సిలు, బొమ్మలు తీసేశాం. చేపలు పట్టేవాళ్లను వల ముడి వేసి చూపించమన్నాం. శంకరమ్మ సంచిలో ఒక నిమ్మకాయ, ఒక తాళంచెవి, ఒక అగ్గిపెట్టె ఉండేవి. వాళ్లు చూస్తుండగానే వాళ్లింట్లోనే ఒకటి గూట్లో, ఒకటి చాట కింద, ఒకటి గుమ్మం పక్కన పెట్టేది. బీపీ చూసి, మంచీచెడూ మాట్లాడి, పావుగంట తర్వాత "నా సామాన్లు ఏడున్నయే అవ్వా, తెచ్చియ్యి" అనేది. మతి ఉన్నవాళ్లు నవ్వుతూ తెచ్చి ఇచ్చేవారు. లేనివాళ్లు "ఏం సామాన్లు?" అనేవారు. కోడళ్లు అత్తల ముందు నోరు విప్పరు కాబట్టి, వాళ్లను బోరింగు కాడ నీళ్లు కొట్టేటప్పుడు అడిగేది.

ఇంకో ప్రశ్న కూడా చేర్చమంది. 'అరవై దాటిన ఆడమనిషి, ఎన్నడూ లేనిది, పెనిమిటిని పేరుపెట్టి పిలుస్తోందా?' అని. రాసుకున్నాను కానీ, కాగితం అచ్చుకు పంపేటప్పుడు కొట్టేశాను. నగరంలో పెద్దలు నవ్వుతారని భయం.

"నవ్వనీయుండ్రి" అంది శంకరమ్మ.

"ఈ కాలం ఆడపిల్లలు పేరుపెట్టే పిలుస్తున్నారు కదా?"

"నేను చెప్తున్నది ముసలోళ్ల ముచ్చట. మీరు ఇననీకి ఒప్పుకుంటలేరు గంతే."

2001లో ఆ పరీక్షను పట్టుకుని నగరంలో ఆరోగ్య శాఖ కమిటీ ముందు నిలబడ్డాం. వాళ్లు సరేనంటే ఊళ్లలో ఆరోగ్య ఉపకేంద్రాలన్నింటిలోనూ నర్సులతో చేయించవచ్చు. ముగ్గురు పెద్దలు. ఒకాయన, "దీన్ని వేరే దేశాల్లో ఎక్కడైనా వాడుతున్నారా?" అన్నారు. వేరే దేశాల్లో మృగశిర కార్తె ఎక్కడ దొరుకుతుంది? రెండో ఆయన, "అంగన్‌వాడీ ఆయా రాసిన ప్రశ్నలా!" అని కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. మూడో ఆవిడ మాత్రం మర్యాదగా అడిగారు. "జబ్బు ఉందని తేలిందే అనుకోండి. దానికి మందేదీ? మందు లేని జబ్బుకు పరీక్ష దేనికి?"

చివరికి ముగ్గురూ కాదన్నారు. తర్వాత ఆ ఫైలు ఆరోగ్య శాఖలో బల్ల బల్లకూ తిరిగింది. ఇది మలేరియా కిందకు వస్తుందా, కుటుంబ నియంత్రణ కిందకు వస్తుందా అని ఒక గుమాస్తా నన్నే అడిగాడు. రెండింటి కిందకూ రాదన్నాను. అయితే పెట్టడానికి అల్మారా లేదన్నాడు. కమిటీ కాదన్న రోజు తిరిగొచ్చేటప్పుడు స్కూటరు మీద వెనక కూర్చుని సుప్రజ ఏడ్చింది. నేనెంత ఊరడించినా ఆగలేదు.

శంకరమ్మ మేడ్చల్ బస్ స్టాండులో మా కోసం కాచుకుని ఉంది. "ఏమన్నరు?"

"మందు లేని రోగానికి పరీక్ష దేనికంటున్నారు."

"మందు లేకుంటే మానె. తెలిస్తే తిట్టుడు బందైతది గదా" అంది. అంతే, సంచి భుజాన వేసుకుని కీసర బస్సెక్కింది. ఆ రోజు గురువారం, అక్కడ నాలుగిళ్లకు వెళ్లాల్సి ఉంది.

ఆ మాట నేను కమిటీకి చెప్పి ఉండాల్సింది. 2004లో రెండోసారి వెళ్లినప్పుడైనా చెప్పలేదు. శాస్త్రంలా వినిపించదని జంకాను. రెండోసారీ కాదన్నారు. శంకరమ్మ మాత్రం ప్రతి గురువారం బీపీ మిషినూ, నిమ్మకాయా, తాళంచెవీ, అగ్గిపెట్టే సంచిలో వేసుకుని తిరుగుతూనే ఉంది. ఆ ఏడేళ్లలో ఇరవై ఏడుగురికి జబ్బు మొదలైందని చెప్పింది. సుప్రజ ఒక్కొక్కరినీ నిదానంగా పరీక్షిస్తే ఇరవై నలుగురి విషయంలో ఆమె మాటే నిజమైంది. ఆ ఇళ్లన్నింటిలోనూ కోడళ్లనూ కొడుకులనూ కూర్చోబెట్టి ఒకటే మాట చెప్పేది. "తప్పు మనిషిది కాదు, రోగానిది. ఇగ తిట్టొద్దు."

2006కు వచ్చేసరికి మా ఇంట్లోనే గొడవలు మొదలయ్యాయి. మా అమ్మ పేరు అమ్మడు. డెబ్బై ఏళ్లు. కోడలు కాఫీ ఇవ్వడం లేదని పక్కింటివాళ్లకు చెప్పింది. కళ్లజోడు దాచేసిందని ఒకరోజు, తాళాలు దాచేసిందని ఇంకోరోజు. సుప్రజ కళ్లనీళ్లు పెట్టుకునేది. నేను అమ్మను కసిరేవాణ్ణి. అత్తాకోడళ్ల తగువు అనుకున్నాను, అది లేని ఇల్లెక్కడుందని సర్దిచెప్పుకున్నాను. సుప్రజకు అనుమానం వచ్చి మా పాత కాగితం ముందు పెడితే అమ్మకు ఇరవై ఎనిమిది వచ్చాయి. ఇద్దరం హాయిగా ఊపిరి పీల్చుకున్నాం. అదే కాగితం రాజారావు మాస్టారికి ఎన్ని మార్కులు ఇచ్చిందో ఇద్దరికీ గుర్తు రాలేదు. లేక గుర్తు తెచ్చుకోలేదు.

ఒక గురువారం శంకరమ్మ కాగితాల కోసం మా ఇంటికి వచ్చింది. అమ్మ కాఫీ ఇచ్చింది. గ్లాసు ఇంకా శంకరమ్మ చేతిలో ఉండగానే, "కాఫీ తాగుతావా అమ్మాయ్?" అంది. శంకరమ్మ సంచిలోంచి నిమ్మకాయ తీసింది. నాకు ఒళ్లు మండింది.

"మా ఇంట్లో వద్దు శంకరమ్మా. ఆవిడ ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పింది."

"రాజారావు సార్ సుత చెప్పిండు" అంది. నిమ్మకాయ సంచిలో వేసుకుని, చెప్పులు తొడుక్కుని వెళ్లిపోయింది. ఊళ్లో జనం నన్ను చూసి తలుపులు వేసుకుంటే వాళ్లకు అజ్ఞానమని తొమ్మిదేళ్లు విసుక్కున్నాను. నా తలుపు నేనూ అలాగే వేసుకున్నాను.

మూడు రోజుల తర్వాత, ఆదివారం పొద్దున. నాన్న పెరట్లో కనకాంబరాలకు నీళ్లు పెడుతున్నారు. నేను వరండాలో పేపరు చదువుతున్నాను. వంటింటి గుమ్మంలోంచి అమ్మ గొంతు ఖంగున వినిపించింది.

"చలపతిరావూ! కాఫీ చల్లారిపోతోంది!"

నాన్న చేతిలోని చెంబు అలాగే ఆగిపోయింది. నా వైపు తిరిగి, కొత్త పెళ్లికొడుకులా నవ్వారు. "విన్నావురా? యాభై రెండేళ్లకు నా పేరు దాని నోట విన్నాను!"

ఆయన ముఖంలో ఉన్న సంతోషం చూడలేక పేపరు మడిచేశాను. సుప్రజ గదిలోంచి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడింది. నేను కొట్టేసిన ప్రశ్న ఇద్దరికీ గుర్తుంది.

స్కూటరు తీసి దేవరయాంజాల్ వెళ్లాను. శంకరమ్మ ఇంటి ముందు కూర్చుని చేపలకు పొలుసు తీస్తోంది. నా ముఖం చూడగానే కత్తిపీట పక్కన పెట్టింది.

"మా అమ్మ మా నాన్నను పేరుపెట్టి పిలిచింది" అన్నాను.

"అట్లనా" అని మాత్రం అంది. నేను చెప్పలేదా అని అంటుందనుకున్నాను, ఆ హక్కు ఆమెకు ఉంది కూడా. అనలేదు. చేతులు రెండుసార్లు సబ్బుతో కడుక్కుని, చీర మార్చుకుని, సంచి తీసుకుని స్కూటరెక్కింది.

అమ్మ చూస్తుండగా నిమ్మకాయ దేవుడి గూట్లో, తాళంచెవి టీవీ పక్కన, అగ్గిపెట్టె కిటికీలో పెట్టింది. బీపీ చూసింది. తణుకు ముచ్చట్లు అడిగింది. పావుగంట తర్వాత, "అమ్మా, నా సామాన్లు ఇస్తవా?" అంది. అమ్మ చాలా మర్యాదగా, "ఏం సామాన్లమ్మా? నువ్వు ఎవరి తాలూకు?" అంది. ఆ ఇంటికి శంకరమ్మ తొమ్మిదేళ్లుగా వస్తోంది.

తర్వాత నన్నూ, సుప్రజనూ, నాన్ననూ ముందు గదిలో కూర్చోబెట్టింది. ఊళ్లో చెప్పే మాటలన్నీ ఒక్కటీ వదలకుండా చెప్పింది. నరాల డాక్టరు, మనస్తత్వ శాస్త్రవేత్త చిన్నపిల్లల్లా చేతులు కట్టుకుని విన్నారు. "తప్పు మనిషిది కాదు, రోగానిది. తినలేదంటే తిన్నవని వాదులాట పెట్టుకోవద్దు. ఇగ తిట్టొద్దు సార్." నాన్న కండువాతో ముఖం కప్పుకున్నారు. నేను కమిటీలకు ఇన్నేళ్లు చెప్పలేకపోయిన శాస్త్రమంతా ఆ నాలుగు ముక్కల్లోనే ఉంది.

లేస్తూ, "కమిటీకి మల్ల రాయుండ్రి. గీసారి గా ముచ్చట కొట్టెయ్యకుండ్రి" అంది.

"కొట్టెయ్యను. మందేదీ అని అడిగితే ఏం చెప్పాలో కూడా తెలిసింది. నువ్వూ రావాలి."

"వస్త. గురువారం కాకుంటే ఎన్నడైన వస్త."

మర్నాడే దరఖాస్తు రాశాను. ఇది రాస్తున్నప్పటికి జవాబు రాలేదు. వచ్చేదాకా ఊరుకునే ఉద్దేశం మా ముగ్గురిలో ఎవరికీ లేదు.

ఆ ఆదివారం శంకరమ్మ ఇంకా గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటూనే ఉంది. వంటింట్లోంచి అమ్మ, "పొద్దున్నుంచి ఈ ఇంట్లో నాకు ఎవరూ కాఫీ ఇవ్వలేదు" అంది.

సుప్రజ లేచింది. "ఇస్తున్నా అత్తయ్యగారూ" అంది.

అది ఆ పూటకు మూడో కాఫీ. ఎవరూ ఏమీ అనలేదు.